దయాల్‌బంద్ పెరట్లో విమానం

మా ఆయన రైల్వే షెడ్‌లో గ్యాస్ వెల్డరు. పలచటి రేకు పనిగానీ సన్నటి పైపు పనిగానీ వస్తే ఇంకొకరి చేతిలో పెట్టకుండా, ఆయన డ్యూటీకి వచ్చేదాకా ఆపి ఉంచేవారట. ఈ మాట ఆయన చెప్పింది కాదు. షెడ్ వాళ్ళెవరో ఇంటికొచ్చి అంటే మా అత్తగారు విని, నాకు పదిసార్లు చెప్పింది. ఆయన తన గురించి చెప్పుకునే మనిషి కాదు. పని ముగించాక అతుకు మీద ఒకసారి చూపుడువేలు నడిపించి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి లేచిపోయేవారు.

వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి బిలాస్‌పూర్ వచ్చి ఉండిపోయారు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో రైల్వే అన్నమే. నేను బొబ్బిలి దగ్గర ఊరి నుంచి పెళ్ళయి వచ్చాను. మామగారు రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి దయాల్‌బంద్‌లో ఒక పెంకుటిల్లు కట్టారు. రెండు గదులు, వెనకాల పొడుగ్గా వరండా, దాని కింద పెరడు. మాకు పిల్లల్లేరు. మామగారు పోయాక ఆ ఇంట్లో ఉన్నది మేమిద్దరం, అత్తగారు.

ఎనభైల ఆఖర్లో ఒక ఆదివారం ఒక మనిషి మోటారు సైకిలు నడిపించుకుంటూ మా గుమ్మంలోకి వచ్చాడు. బొగ్గు గనుల్లో ఇంజనీరు. కరీంనగర్ వైపు మనిషి, ముప్పయ్యయిదేళ్ళు ఉంటాయేమో. సైలెన్సరు పైపు తుప్పుపట్టి చిల్లిపడింది, దాన్ని అతకమని ఎవరో మా ఆయన పేరు చెప్పారట. మా ఆయన అరగంటలో అతికి ఇచ్చారు. ఆ ఇంజనీరు పైపు తీసుకుని వెళ్ళకుండా, అతుకు వంక చూస్తూ కూర్చున్నాడు.

"అన్నా, దీనికన్నా పలచటి గొట్టం అతుకుతవా?"

"ఎంత పలచన సార్?"

"గోటి మందం అనుకో."

"అతకొచ్చు. ఏటి చేత్తారు దాంతోటి?"

"విమానం చేస్త."

గుమ్మంలో నిలబడ్డ నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు. "కూకోండి సార్" అని ఇంకో కుర్చీ తెచ్చి వేశారు.

ఆ ఇంజనీరు తన చదువు రోజుల్లో ఇంజను లేని గ్లైడరు విమానం నడపడం నేర్చుకున్నాడట. ఇద్దరు కూర్చునే చిన్న విమానం బొమ్మల కాగితాలు, కొలతలతో సహా విదేశం నుంచి తెప్పించుకున్నాడు. రెక్కలు చెక్కతో చెయ్యాలి, అది తన క్వార్టర్‌లో తనే చేసుకుంటాడు. ఒళ్ళు మాత్రం ఉక్కు గొట్టాలది. పొడుగ్గా ఒక పంజరంలా గొట్టాలను అతికి, దానిమీద గుడ్డ బిగిస్తారు. ఆ అతకడం తనవల్ల కాదు. అనుమతుల కాగితాల సంగతి తను చూసుకుంటానన్నాడు.

గొట్టాలు బొంబాయి నుంచి చెక్కపెట్టెలో వచ్చాయి. పార్సిలాఫీసు నుంచి రిక్షామీద తెచ్చుకున్నాం. నూనె పూసి, కాగితం చుట్టి ఉన్నాయి. మా ఆయన ఒకదాన్ని గుడ్డతో తుడిచి, వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఇంజనీరు ఆ రోజే వరండాలో కూర్చుని మా ఇద్దరికీ చెప్పాడు.

"ఈ ఉక్కుకు తొందర పనికిరాదన్నా. మెల్లగ కాలాలె, మెల్లగ చల్లారాలె. వేడిమీద ఉన్నప్పుడు చల్లగాలి తగిలితే అతుకు పక్కన పగులుతది. కంటికి కూడా కనబడది."

ఆ మాట నేను విన్నాను. టీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను. విన్నానని ముందే చెప్పుకోవడం మంచిది.

వరండా చుట్టూ గోనెపట్టాలు కట్టారు, వీధి గాలి రాకుండా. మందపాటి చెక్కబల్ల మీద బొమ్మను సుద్దతో గీసి, ఆ గీతల మీద గొట్టాలు కదలకుండా చిన్న చెక్కముక్కలు కొట్టారు. గ్యాస్ సిలిండర్లు వ్యాపార్ విహార్ బజారు నుంచి వచ్చేవి. డ్యూటీ లేనప్పుడల్లా ఆయన అక్కడే. నేను మొదట్లో గొట్టం కదలకుండా పట్టుకునేదాన్ని. తర్వాత ఆయన నాకు ఆకురాయి పని నేర్పారు.

ఒక గొట్టం ఇంకో గొట్టానికి తగిలే చోట కొసను చేప నోరులా గుండ్రంగా అరగదీయాలి. రెండూ ఆన్చి వెలుతురుకు ఎదురుగా పెడితే మధ్యలోంచి గీతంత వెలుగు కూడా కనిపించకూడదు. నా మొదటి కొసలు ఆయన చూసి పక్కన పెట్టేశారు. రెండు నెలలకి ఒకదాన్ని చూసి "ఇది చాలు" అన్నారు. ఆ రోజు కూర మాడిపోయినా నాకు బాధ అనిపించలేదు. అప్పట్నుంచి ఆ విమానంలో ప్రతి గొట్టం కొసా నేను అరగదీసిందే. గోళ్ళ సందుల్లో ఉక్కుపొడి ఉండేది. పిండి కలిపితే అత్తగారు నా చేతులవైపు చూసి "ఇనప రొట్టెలు పెడతంది నా కోడలు" అనేది. అది కోపం కాదు.

ఇంజనీరు నన్ను వదినా అనేవాడు. ఒకసారి మా ఇద్దరినీ చకర్‌భాటా తీసుకెళ్ళాడు. అక్కడ పాత రన్‌వే ఉంది. ఆవులు మేస్తున్నాయి. ఇంజనీరు రుమాలు పైకెత్తి గాలి ఎటు వీస్తుందో చూస్తూ, "మొదలు నేనొక్కన్నే ఎగురుత. రెండోసారి పక్క సీట్ల వదిన" అన్నాడు. మా ఆయన "అచ్ఛా" అని తల ఊపారు. నేను రైలు తప్ప ఏదీ ఎక్కినదాన్ని కాదు. ఆ మాట తర్వాత, పెరట్లో బట్టలారేస్తూ ఆకాశం వంక చూడడం నాకు అలవాటైపోయింది.

రెండేళ్ళు పట్టింది. పంజరం రెండు పక్కలూ అయ్యాయి. వాటిని నిలబెట్టి అడ్డగొట్టాలతో కలపడం మొదలుపెట్టారు. ఆ ఏడాది మే నెలలో ఆయన రెండు వారాలు సెలవు పెట్టారు. కూర్చునే చోటుకి వెనక, తోకవైపు మొదలయ్యే దగ్గర అతుకులు మిగిలాయి. జూన్‌లో ఇంజనీరు బరువుపెట్టి పరీక్ష చేస్తానన్నాడు. వానలు పడితే తుప్పు భయం.

మే నెల బిలాస్‌పూర్ ఎండ సంగతి అక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పైన పెంకు, చుట్టూ గోనెలు, ముందు మంట. ఆయన మందపాటి చొక్కా, ముందు కట్టుకునే తోలుగుడ్డ, నల్లద్దాలు. రెండో రోజు మధ్యాహ్నం అతికే గ్యాస్ టార్చ్ ఆపి, గోడకి జారబడి కూర్చుని వాంతి చేసుకున్నారు. ఒళ్ళు కాలిపోతోంది. ఆపెయ్యమని బతిమాలాను. "వారం పని. ఒగ్గేస్తే మళ్ళీ దీపావళే" అన్నారు.

అత్తగారికి అప్పటికి పక్షవాతం వచ్చి ఏడాదైంది. వరండాని ఆనుకున్న గదిలో ఆవిడ మంచం, కిటికీలో కూలరు. గదికీ వరండాకీ మధ్య తలుపుంది. పని జరిగినంతసేపూ ఆ తలుపు వేసి ఉండాలని ఆయన ఆర్డరు. కూలరు మోత ఎలాగూ రోజంతా వినిపించేదే.

మూడో రోజు నేను ఆ తలుపు జానెడు తీసి, ఇటుక అడ్డుపెట్టాను. సరిగ్గా ఆయన వీపు వెనక.

"తలుపు తీసినావేటే? గాలంతా అటు పోతంది" అంది అత్తగారు.

"ఊరుకోండి. వినబడతాది" అన్నాను.

మధ్యాహ్నం అన్నానికి వచ్చి ఆయన "ఇయ్యాల కొంచెం నయంగా ఉంది" అన్నారు. నాకెంత సంతోషం వేసిందో. ఐదు రోజులు అలాగే తీశాను. సాయంత్రం ఆయన టార్చ్ ఆపే వేళకి ఇటుక తీసేసి తలుపు వేసేదాన్ని. నాలుగో రోజో ఐదో రోజో ఆయన కాళ్ళు కడుక్కుంటూ "మంట కదులుతోంది. చెయ్యి వణుకుతోందేమో" అన్నారు. కుడిచెయ్యి ముందుకి చాపి చూసుకున్నారు. చెయ్యి కదల్లేదు. "ఎండకి నీరసం, మజ్జిగ తాగండి" అన్నాను.

గాలంటే వీధిలోంచి దుమ్ము లేపుకొచ్చే గాలే అనుకున్నాను. గదిలోంచి వచ్చే కూలరు చల్లదనం కూడా గాలే అవుతుందని తట్టలేదు. తట్టలేదని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. కొంచెం తట్టే ఉంటుంది. లేకపోతే సాయంత్రాలు ఆ ఇటుక ఎందుకు దాచినట్టు?

జూన్ మొదట్లో పరీక్ష జరిగింది. ఉదయమే పెరట్లో బలమైన దుంగలు పాతి, రెక్కలు బిగించే చోట విమానం ఒళ్ళుని వాటికి కట్టారు. గోనెసంచుల్లో ఇసుక నింపి తోక దగ్గర ఒక్కొక్కటే వేలాడదీశారు. ఇంజనీరు కాగితం చూసి లెక్క చదువుతున్నాడు. గోడమీద ఇరుగుపొరుగు వరసగా కూర్చున్నారు. సంచి వెయ్యడం, కాసేపు ఆగడం, స్కేలుతో కొలవడం. సగం పైన బరువు పడింది. ఒక సంచి కట్టి మా ఆయన చేతులు తీస్తుండగా 'టిక్' మని చిన్న చప్పుడైంది. పుల్ల విరిచినట్టు. తోక బెత్తెడు కిందికి దిగి ఆగింది.

గోడమీద ఎవరో చప్పట్లు కొట్టారు. పరీక్షలో అది భాగమనుకున్నట్టున్నారు.

ఇంజనీరు మోకాళ్ళమీద కూర్చుని చూశాడు. అతుకు చెక్కుచెదరలేదు. అతుకు పక్కన, వెంట్రుకలాంటి గీత గొట్టం చుట్టూ తిరిగింది. తర్వాత కిరోసిన్ పూసి, తుడిచి, సుద్దపొడి చల్లి మిగతా అతుకులు చూశారు. పగులున్న చోట కిరోసిన్ సుద్దలోకి ఊరి సన్నటి తడిగీత కనిపిస్తుంది. ఇంకో నాలుగు అతుకుల దగ్గర కనిపించింది. అన్నీ ఆ ఐదు రోజులవే.

"అన్నా, చల్లగాలేమన్నా తగిలిందా?"

"నేదు సార్. గోనెలు కట్టేం కదా."

"తలుపు?"

"మూసే ఉంది."

ఆ మాట ఆయన నావైపు చూడకుండానే చెప్పారు. చూడాల్సిన పని లేదు కదా, తలుపు సంగతి నాకు అప్పజెప్పింది ఆయనే. నేను టీ పళ్ళెం పట్టుకుని నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిచి ఉండాల్సింది. పరాయి మనిషి ముందు, గోడమీద అంతమంది ముందు ఆయన మాట అబద్ధం చెయ్యలేకపోయాను. వాళ్ళు వెళ్ళాక చెబుదామనుకున్నాను. వాళ్ళు వెళ్ళాక ఆయన పెరట్లో దుంగమీద కూర్చుని కుడిచెయ్యి తిప్పితిప్పి చూసుకుంటున్నారు. అప్పుడూ చెప్పలేదు.

ఆ తర్వాత రోజుకో కారణం దొరికింది. కొన్నాళ్ళకి కారణాలు కూడా అక్కర్లేకపోయాయి.

వానాకాలం మధ్యలో అత్తగారి పరిస్థితి బాగా దిగజారింది. ఒక పగలు గంజి పడుతుంటే ఆవిడ చెంచా తోసేసి అడిగింది.

"తలుపు సంగతి ఆడికి సెప్పినావా?"

"లేదు."

"సెప్పెయ్యే. ఆడు సెయ్యి సూసుకుంటన్నాడు."

అలాగేనన్నాను. వారానికి ఆవిడ పోయింది. తెలిసిన ఇంకో మనిషి లేకుండా పోయిందని నాకు ఏడుపు మధ్యలో మనసు కాస్త తేలికైంది. అది నా జీవితంలో నేను నన్ను చూసుకున్న క్షణాల్లో అన్నిటికన్నా అసహ్యమైనది.

ఇంజనీరు రావడం తగ్గింది. ఏడాది తిరక్కుండానే దూరంగా ఇంకో గనికి బదిలీ అయింది. వెళ్ళే ముందు వచ్చి, "నీ చేతిది తప్పేం లేదన్నా" అన్నాడు. అంటున్నప్పుడు మా ఆయన ముఖంలోకి చూడలేదు. బొమ్మల కాగితాలు మాత్రం మా దగ్గరే వదిలి, "చేస్తుండు, నేనొస్త" అన్నాడు.

ఆయన చేస్తూనే ఉన్నారు. పగిలిన ఐదు చోట్లా కోసి కొత్త గొట్టాలు వేశారు. అవి బాగానే వచ్చాయి. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ ఆయన మళ్ళీ కిరోసినూ సుద్దా తీసుకుని మొదటి నుంచీ అన్ని అతుకులూ చూడడం మొదలుపెట్టారు. ఏమీ లేనిచోట గీత కనిపించేది ఆయనకి. "చూడు, ఇదిగో" అనేవారు. నాకు ఏమీ కనిపించేది కాదు. లేదని నేనంటే "నీకు తెలీదు" అని రంపం తీసేవారు. రెండేళ్ళ కింద వేసిన మంచి అతుకులు కోసేశారు. నేను కొత్త కొసలు అరగదీసి ఇచ్చేదాన్ని. ఆయన అతికేవారు, నెలకి మళ్ళీ కోసేవారు. ఎందుకు కోస్తున్నారో తెలిసిన నేను, ఆకురాయి పట్టుకుని ఆయన పక్కనే కూర్చుని అరగదీస్తూ ఉండేదాన్ని. కోయగా కోయగా ఒకవైపు ఒళ్ళు వంకరపోయింది.

ఒకరోజు షెడ్ నుంచి తోటి వెల్డరు ఆయనని వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చాడు. పని ముందు టార్చ్ వెలిగించి నిలబడి, చాలాసేపు అలా నిలబడే ఉన్నారట. పిలిచినా పలకలేదట. వారం తర్వాత ఆయనే అర్జీ పెట్టుకుని టూల్‌రూమ్‌కి మారిపోయారు. పనిముట్లు ఇచ్చి, సంతకం తీసుకునే పని. వద్దని అందరూ చెప్పారు. "నా అతుకు కింద మనుషులు కూకుంటారు" అన్నారట. ఆ మాట విన్నాక ఇక దాచకూడదనుకున్నాను. అయినా ఇంకో చలికాలం వచ్చేదాకా దాచాను.

ఒక ఆదివారం పొద్దున్న ఆయన పెరట్లో ఎండలో కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళి ఎదురుగా నేలమీద కూర్చుని మొత్తం చెప్పాను. తలుపు, ఇటుక, ఐదు రోజులు, అత్తగారు అన్నది. తిడతారనుకున్నాను. తిట్టినా కొట్టినా, చివరికి ఆయన చెయ్యి ఆయనకి తిరిగొస్తుందనుకున్నాను.

ఆయన తలుపు వైపు తిరిగి అడిగారు. "ఎంత తీసినావు?"

"జానెడు."

"కింద ఇటుకా?"

"ఊఁ."

"మంట వణికితే చెయ్యి వణికిందనుకున్నాను" అన్నారు. "వీపుకి చల్లగా తగుల్తంది. బాగుందనుకున్నాను. గాలెక్కడ్నుంచని అడగనేదు. అలాటోడు వెల్డరేటి?"

"తప్పు నాదండీ. మీ చేతిది కాదు."

"నీదే." గొంతులో కోపం లేదు. "అప్పుడే చెప్పుంటే ఐదతుకులు కోసి మళ్ళీ వేసుందుం. ఇప్పుడు నీ తప్పు నేనేటి చేసుకోను?"

లేచి లోపలికి వెళ్ళారు. ఆ రోజు అన్నం మామూలుగానే తిన్నారు. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. మంచివాడితో కాపురం చెయ్యడంలో ఈ కష్టం కూడా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంజనీరుకి నేనే తెలుగులో ఉత్తరం రాశాను, జరిగింది జరిగినట్టు. రెండు నెలలకి మా ఆయన పేరున జవాబు వచ్చింది. చిన్న ఉత్తరం. ఇప్పుడైనా కారణం తెలిసినందుకు సంతోషమన్నాడు. అప్పటిదాకా చేసిన రెక్కలు బిలాస్‌పూర్ క్వార్టర్‌లోనే పెట్టి వచ్చాడట, తర్వాత తెప్పించుకుందామని. ఆ క్వార్టర్‌లో దిగినవాళ్ళు అవేమిటో తెలియక చలికాలం కట్టెల్లోకి వాడేసుకున్నారట. వదినను అడిగినట్టు చెప్పమని రాశాడు. మా ఆయనకి చదివి వినిపించాను. "మంచి చెక్క" అన్నారు. అంతే.

ఇంకో రెండు వానాకాలాలు ఆ పంజరం పెరట్లో అలాగే ఉంది. గోనెలు చీకిపోయాయి. పైన తుప్పు రంగు ఎక్కింది. చివరికి ఆయనే తీసేద్దామన్నారు. మంటతో కోస్తే పూటలో అయిపోయే పని, టార్చ్ ముట్టుకోలేదు. ఇద్దరం చేతి రంపాలు పట్టుకుని నాలుగు రోజులు కోశాం. ఆయన ఒక చివర, నేను ఒక చివర. పాత ఇనుము కొనే కబాడీవాడు బండిలోకి విసురుతుంటే గొట్టాలు ఒకదానిమీద ఒకటి పడి మోగాయి. ఏ కొస ఎక్కడిదో నాకు తెలుస్తూనే ఉంది. ఇది తోకది, ఇది సీటు కిందిది, పక్క సీటుది. అతుకులన్నీ అలాగే ఉన్నాయి. మేం గొట్టాల మధ్యలోంచి కోశాం గానీ అతుకు ఒక్కటీ ఊడలేదు. కబాడీవాడు ఒకదాన్ని చేతిలో తిప్పి చూసి, "బఢియా కామ్ హై, కిస్‌నే కియా?" అని, ఇంత మంచి పని ఎవరు చేశారని అడిగాడు. మా ఆయన వినిపించనట్టు రంపాలు తుడుస్తున్నారు.

ఆయన టూల్‌రూమ్‌లోనే రిటైరయ్యారు. ఆ తర్వాత ఒకసారి మా వీధి గేటు బందు విరిగింది. సిలిండర్లు లేవు గానీ ఆయన టార్చ్ ఇంకా ఇంట్లోనే ఉంది, గుడ్డలో చుట్టి అల్మారా పైన. నేను దాని మాట ఎత్తలేదు. వీధి చివర దుకాణం నుంచి ఒక మనిషి వెల్డింగ్ మిషను తోపుడుబండి మీద పెట్టుకుని వచ్చాడు. అతను కేబులు విప్పుతుండగానే మా ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. నేను పక్కన నిలబడి చూశాను. అతుకు గడ్డలు గడ్డలుగా వచ్చింది. గేటు నిలబడితే చాలు కదా అనుకుని అతన్ని పంపేశాను.

లోపల్నుంచి "అయిపోనాదా?" అన్నారు.

"అయిపోయింది" అన్నాను.

మాడిన ఇనుము వాసన పోయేదాకా ఆయన బయటికి రాలేదు. అంతదాకా నేనూ గేటు దగ్గరే నిలబడ్డాను.